కాలముద్రను దిద్దే హక్కు ఎవరిచ్చారు?

అంతర్జాలం మీదుగా ఒక ఫోను మ్రోగాలంటే, మాటలు మొదలుకాక మునుపే రెండు యంత్రాల నడుమ కొన్ని ఉత్తరాలు నడవాలి. "మీతో మాట్లాడదలచాను" అని ఒకటి. "అందింది, ప్రయత్నిస్తున్నాను" అని రెండవది. "గంట మ్రోగుతున్నది" అని మూడవది. "ఎత్తారు, మాట్లాడవచ్చు" అని నాలుగవది. ఈ ఉత్తరప్రత్యుత్తరాల మర్యాదకే సిప్ అని పేరు. దాని తొలి నిబంధనావళి ఆర్‌ఎఫ్‌సీ 2543 అన్న సంఖ్యతో 1999 మార్చిలో వెలువడింది. దానిని తిరగవ్రాసి 2002 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 3261గా ప్రకటించారు. ఆ రెండవది 269 పుటల గ్రంథం. అందులో కొద్ది పంక్తులకు మించని ఒక హెడర్ గురించి ఈ టపా. దాని పేరు టైమ్‌స్టాంప్. మనం కాలముద్ర అందాం.

ఇంత చిన్న ముద్రకు ఇంత పెద్ద వాదమా అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, కాని వినండి. ప్రోగ్రాములు వ్రాసేవారిలో పాతుకుపోయిన ఒక దురలవాటు ఈ చిన్న హెడర్‌లో బయటపడినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనబడలేదు. చేతికందిన ప్రతిదీ మనకు అర్థమయిందనుకోవడం, అర్థమయిందనుకున్నదానిని మన ఇంటి కొలతల్లోకి మార్చుకోవడం, తిరిగి ఇవ్వవలసివచ్చినప్పుడు మన చేతివ్రాతతో కొత్తగా వ్రాసి ఇవ్వడం: ఇదీ ఆ అలవాటు. నా వాదం ఒక్క మాటలో చెబుతాను. కాలముద్ర కాలం కాదు, ముద్ర. దానిని కాలంగా చదివి తిరగవ్రాసే లైబ్రరీ తనది కాని సొత్తును దిద్దుతున్నది.

ముందు ఆ ముద్ర చేసే పని చూద్దాం. పిలిచేవాడు "ఇన్వైట్" అనే ఉత్తరం మీద ఒక సంఖ్య వేసి పంపుతాడు. 54 అనుకోండి, ఆర్‌ఎఫ్‌సీలో ఇచ్చిన ఉదాహరణ కూడా అదే. అందుకున్నవాడు "ప్రయత్నిస్తున్నాను" అనే 100 సంఖ్య గల జవాబు పంపేటప్పుడు ఆ ముద్రను అందులోకి ఎక్కించి తీరాలి. జవాబు తయారు కావడంలో జాగు జరిగితే, ఎన్ని సెకండ్లు జాగయిందో పక్కన చేర్చాలి. జవాబు అందిన క్షణాన పిలిచినవాడు తన గడియారం చూసుకుంటాడు. అందులోనుంచి 54 తీసివేసి, అవతలివాడి జాగును కూడా తీసివేస్తే, దారిలో పోనూ రానూ పట్టిన కాలం మిగులుతుంది. అంతకుమించి దీనికి పని లేదు.

ఆ 54 ఏమిటి? సెకండ్లా? ఏనాటినుంచి సెకండ్లు? యంత్రం మేలుకున్నప్పటినుంచా, 1970 జనవరి 1 నుంచా? ఇది అందుకున్నవాడు అడగవలసిన ప్రశ్నే కాదు. ఆ విలువ పంపినవాడికి మాత్రమే అర్థవంతమనీ, దానికి అతడు ఏ కాలమానమయినా వాడుకోవచ్చుననీ 1999 నాటి తొలి నిబంధనావళి స్పష్టంగానే చెప్పింది. ఉతుకులకు వేసిన బట్టల అంచున నల్లజీడి పసరుతో చాకలి గుర్తు పెట్టేవారు, గుర్తుందా? రెండు చుక్కలూ ఒక గీతా. అది ఎవరింటి బట్టో ఆ గుర్తు పెట్టినవాడికి తెలుసు. మనకు తెలియదు, తెలియనవసరమూ లేదు. ఆ చుక్కలు వంకరగా ఉన్నాయని తుడిచి, మన సిరాతో చక్కగా దిద్ది పంపితే ఏమవుతుంది? బట్ట ఇల్లు తప్పుతుంది.

దారిలో పట్టే కాలం తెలియడం వలన ఒరిగేదేమిటి? సిప్‌లో టీ1 అనే ఒక అంచనా ఉన్నది. ఉత్తరం పోయి జవాబు రావడానికి పట్టే కాలం అది. వేరే సమాచారం లేనప్పుడు అర సెకండు అని పెట్టుకోమన్నారు. యూడీపీ మీద పంపిన ఇన్వైట్‌కు అర సెకండులో జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి. ఆపైన సెకండు ఆగి, రెండు సెకండ్లు ఆగి, నాలుగు ఆగి, అలా రెట్టింపు చేసుకుంటూ పోయి, టీ1కు 64 రెట్లు, అనగా 32 సెకండ్లు నిండాక ఆశ వదులుకోవాలి. అప్పటికి ఒకే పిలుపు ఏడుసార్లు పోయి ఉంటుంది. దారి సహజంగానే దూరమయితే ఈ అర సెకండు అంచనా పిలిచినవాడి చేత అనవసరంగా కేకలు పెట్టిస్తుంది.

భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్ళి, కిందికి దిగి, జవాబు మళ్ళీ పైకెక్కి దిగేసరికి, కాంతివేగంతో లెక్కించినా దాదాపు 0.48 సెకండ్లు పడుతుంది. మధ్యనున్న యంత్రాల జాగు కలిపితే అర సెకండు గడప దాటినట్లే. అంటే ప్రతి పిలుపూ కనీసం రెండుసార్లు పోతుంది. 2020 ఆగస్టులో చెన్నైనుంచి సముద్రగర్భ కేబులు చేరేదాకా అండమాన్ దీవులు బయటి ప్రపంచంతో ముడిపడింది ఉపగ్రహం మీదనే. అక్కడ మన తెలుగువారు చెప్పుకోదగినంత మంది ఉన్నారు. ఇరుకు దారిలో ఒక ఉత్తరం పోవలసినచోట రెండు పోతే భారం పడేది అటువంటి దూరపు వాళ్ళ మీదనే. దారి నిడివి ముందే తెలిస్తే టీ1ను పెంచుకోండని ఆర్‌ఎఫ్‌సీ 3261 సలహా ఇస్తున్నది. తెలుసుకోవడానికి ఉన్న సాధనాలలో ఈ కాలముద్ర ఒకటి.

ఇప్పుడు అసలు నేరం దగ్గరికి వద్దాం. సిప్‌లో ఈ 100 జవాబుకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఇన్వైట్ అందిన 200 మిల్లీసెకండ్లలోగా పైనున్న అప్లికేషను ఏదో ఒక జవాబు ఇస్తుందని తెలియకపోతే, కిందనున్న పొర తానే 100 జవాబు పుట్టించి పంపాలి. కిందనున్న పొర అంటే మన లైబ్రరీ. ఆ జవాబును అప్లికేషను వ్రాసిన ప్రోగ్రామరు చూడడు. చూసే వీలు కూడా చాలాసార్లు ఉండదు. అందుచేత ఇక్కడ లైబ్రరీ తప్పు చేస్తే దిద్దుకొనే నాథుడు లేడు. "వాడుకొనేవాడు చూసుకుంటాడులే" అన్న మన నిత్యసమర్థన ఇక్కడ చెల్లదు. కాపలాదారు ఒక్కడే ఉన్న ఇంట్లో కాపలాదారే కునికితే ఎవరిని అడగాలి?

ఈ తప్పు ఎలా జరుగుతుందో జావా లోకంలోని ఒక ప్రసిద్ధ ఉదాహరణతో చూపుతాను. జెయిన్ సిప్ అనేది జేఎస్‌ఆర్ 32గా ప్రామాణికత పొందిన ఇంటర్‌ఫేసు. జిట్సీ వంటి మంచి సాఫ్టువేరుకు అది పునాదిగా నిలిచింది. దాని ఘనతను నేను తక్కువ చేయను. కాని కాలముద్ర కోసం అది మొదట ఇచ్చిన మెథడు ఆ విలువను ఫ్లోట్‌గా, అనగా 32 బిట్ల దశాంశ సంఖ్యగా, చేతికిచ్చింది. ఫ్లోట్‌కు ఉన్న గుర్తుపెట్టుకొనే శక్తి 24 బిట్లు. 1,67,77,216 దాటిన పూర్ణసంఖ్యలను అది ఒక్కొక్కటిగా గుర్తుపట్టలేదు. 1970 నుంచి లెక్కించే సెకండ్లు ఇప్పుడు 170 కోట్లు దాటాయి. ఆ ఎత్తున ఫ్లోట్‌లో ఒక సంఖ్యకూ తరువాతి సంఖ్యకూ మధ్య దూరం 128.

దీని అర్థం చూడండి. పంపినవాడు 1700000050 అని ముద్ర వేశాడనుకుందాం. ఫ్లోట్‌లో దానికి దగ్గరి మెట్టు 1700000000. యాభై సెకండ్లు చెప్పాపెట్టకుండా మాయం. పైగా ఆ ఫ్లోట్‌ను జావా మళ్ళీ అక్షరాలుగా మార్చినప్పుడు కోటి దాటిన విలువలను శాస్త్రీయ పద్ధతిలో వ్రాస్తుంది. వచ్చేది "1.7ఈ9" వంటి రూపం, ఆ ఈ స్థానంలో ఉండేది ఆంగ్ల అక్షరం. కాలముద్ర వ్యాకరణంలో అంకెలకూ ఒక చుక్కకూ తప్ప అక్షరానికి చోటు లేదు. 32 సెకండ్లలో ఆశ వదులుకొనే పిలుపును 128 సెకండ్ల గజంబద్దతో కొలవడం, కొలిచి తప్పుడు లిపిలో చీటీ వ్రాయడం: రెండు అపచారాలూ ఒకే వరుసలో జరిగిపోతాయి. తరువాత ఆ మెథడును నిరుత్సాహపరచి, పూర్ణసంఖ్యగా తీసుకొనే మరొక దారిని అదే ఇంటర్‌ఫేసు చూపింది. మంచిదే. కాని పూర్ణసంఖ్యలో దశాంశ భాగానికి చోటేదీ? వ్యాకరణం దశాంశానికి అనుమతి ఇచ్చింది కదా?

"ఫ్లోట్ వద్దు, డబుల్ వాడితే సరి" అనేవారికి కూడా నా జవాబు ఒకటే. డబుల్ పెద్ద సంచీ, అంతే. పంపినవాడు "54.10" అని వ్రాస్తే మీరు "54.1" అని తిప్పి పంపుతారు, లేదా "54.100000" అని. గణితంలో మూడూ సమానమే. కాని అతడు ఆ అక్షరాల వరుసనే తాళపుచెవిగా పెట్టుకొని తన పట్టికలో వెదకుతున్నాడేమో మీకేం తెలుసు? చుక్క తరువాతి అంకెల్లో తన యంత్రం సంఖ్యను దాచుకున్నాడేమో? వ్యాకరణం అంకెల సంఖ్యకు హద్దు పెట్టలేదు. మీ సంచీకి హద్దు ఉన్నది. అతని హద్దులేని స్వేచ్ఛను మీ సంచీ కొలతకు కత్తిరించే అధికారం మీకు లేదు.

సరిగా చేయడం కష్టమేమీ కాదు. నోకియా పరిశోధనాలయంలో పుట్టి ఫ్రీస్విచ్‌కు పునాదిగా నిలిచిన సోఫియా సిప్ అనే లైబ్రరీని తెరిచి చూడండి. అందులో కాలముద్రకు రెండు గదులున్నాయి. ఒకటి ముద్రకు, రెండవది జాగుకు. రెండిటిలోనూ అక్షరాల వరుసలే. సంఖ్యగా మార్చే ఉబలాటం లేదు. కావలసినవాడు పైన మార్చుకుంటాడు. అక్కరలేనివాడికి వచ్చింది వచ్చినట్లే ఉంటుంది. దీనికి మేధ అక్కరలేదు, కొంచెం వినయం కావాలి.

వినయం లేకపోతే ఇంకొక దౌర్జన్యం కూడా జరుగుతుంది. కాలముద్ర వ్యాకరణానికి సరిపడలేదని ఇన్వైట్ మొత్తాన్నే తిరస్కరించే లైబ్రరీలు ఉంటాయి. అవసరంలేని హెడర్ వికృతంగా ఉంటే పట్టించుకోవద్దని ఆర్‌ఎఫ్‌సీ 3261 సలహా. ఒక తల్లి కొడుక్కి ఫోను చేస్తున్నది. ఆమె ఫోనులోని సాఫ్టువేరు ముద్ర మీద ఒక చుక్క ఎక్కువ పెట్టింది. ఆ చుక్కకోసం పిలుపునే చంపివేస్తారా? కవరు మీద స్టాంపు వంకరగా అంటించారని ఉత్తరం చించివేసే తపాలా ఉద్యోగిని మనం ఏమంటాం?

ఇక రెండవ గది, జాగు. ముద్ర పంపినవాడి సొత్తు. జాగు మాత్రం మన సొంత సాక్ష్యం. ఇన్వైట్ అందిన క్షణానికీ జవాబు వెళ్ళిన క్షణానికీ మధ్య దూరం. ఇక్కడ నమ్మకంగా కొలవాలి. కొలవడానికి చాలామంది గోడగడియారాన్ని, అనగా తేదీ చెప్పే గడియారాన్ని, వాడతారు. ఆ గడియారాన్ని ఎన్‌టీపీ వెనక్కి తిప్పవచ్చు, ముందుకు తోయవచ్చు; నిర్వాహకుడు చేత్తోనే మార్చవచ్చు. రెండు చూపుల మధ్య గడియారం వెనక్కి జరిగితే జాగు రుణసంఖ్య అవుతుంది. వ్యాకరణంలో మైనస్ గుర్తుకు చోటు లేదు. ఉత్తరం అందకముందే జవాబిచ్చానని చెప్పే సాక్షిని ఏ న్యాయస్థానం నమ్ముతుంది?

ఇది ఊహాలోకపు భయం కాదు. 2016 డిసెంబరు 31 రాత్రి ప్రపంచ గడియారాలకు ఒక అధిక సెకండు చేర్చారు. యూటీసీ అర్ధరాత్రి, మన లెక్కన 2017 జనవరి 1 ఉదయం అయిదున్నరకు, క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్‌ఎస్ సాఫ్టువేరులో కొంత భాగం కుప్పకూలింది. కారణాన్ని ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది. అవతలి సర్వర్లకు పోనూ రానూ పట్టే కాలాన్ని ఆ సాఫ్టువేరు గోడగడియారంతో కొలుస్తున్నది. గడియారం వెనక్కి జరగడంతో ఆ కాలం రుణసంఖ్య అయింది. రుణసంఖ్యను భరించలేని ఒక ఫంక్షను ప్రోగ్రామును పడగొట్టింది. ఆ ప్రోగ్రాము గో భాషలో వ్రాసినది. అదే 2017 ఆగస్టులో వచ్చిన గో 1.9లో వెనక్కి జరగని గడియారాన్ని భాషలోనే కలిపారు. డీఎన్‌ఎస్ వేరు, సిప్ వేరు. కాని కొలుస్తున్నది అదే, పోనూ రానూ పట్టే కాలం. అంత పెద్ద సంస్థకు ఎదురుదెబ్బ తగిలాక కూడా సిప్ లైబ్రరీలో జాగును గోడగడియారంతో కొలిచేవారిని క్షమించడం నా వల్ల కాదు. వెనక్కి జరగని గడియారం ప్రతి నిర్వాహక వ్యవస్థలోనూ ఉన్నది. దానిని అడిగితే చెబుతుంది. అడగరు.

సిప్‌లో కాలంతో ముడిపడిన మరొక హెడర్ ఉన్నది: డేట్. దీని ధర్మం కాలముద్రకు పూర్తిగా వ్యతిరేకం. కాలముద్రను అర్థం చేసుకోకూడదు. డేట్‌ను సంపూర్ణంగా అర్థం చేసుకోవాలి. కాలముద్ర పంపినవాడి ఇష్టం. డేట్‌కు ఒకే ఒక రూపం. వారం పేరు ఆంగ్లంలో మూడు అక్షరాలు, కామా, తేదీ, నెల మూడు అక్షరాలు, సంవత్సరం, గంట, నిమిషం, సెకండు, చివర జీఎంటీ. పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా పాటించాలి. మరే కాలమండలమూ పనికిరాదు. ఈ రెండిటికీ కలిపి "సమయం" అని ఒకే తరగతి వ్రాసి ఒకే మూసలో పోసే లైబ్రరీ రెండు ధర్మాలనూ చెరుస్తుంది.

డేట్ తప్పితే వచ్చే నష్టం చిన్నది కాదు. బ్యాటరీతో నడిచే లోపలి గడియారం లేని సాదా పరికరాలు ఈ హెడర్‌ను చూసి వేళ తెలుసుకోవచ్చునని ఆర్‌ఎఫ్‌సీ 3261 చెబుతున్నది. అటువంటి పరికరానికి తప్పుడు తేదీ చెబితే, అది ధ్రువపత్రాల గడువు లెక్కలో పొరబడి అసలు సర్వరునే నమ్మకపోవచ్చు. మన దేశపు వేళను తీసుకొని చివర జీఎంటీ అని తగిలిస్తే తేడా అయిదున్నర గంటలు, 19,800 సెకండ్లు. పిలిచినవారి నంబరు నిజమైనదేనని సంతకంతో నిరూపించే పద్ధతిని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8224 స్థిరపరచింది. అందులో డేట్ ఎంత తాజాగా ఉండాలో తెలుసా? అరవై సెకండ్లు, అని సిఫారసు. అంతకు మించితే "కాలం చెల్లిన తేదీ" అని 403 జవాబు రావచ్చు. అమెరికాలో ఆ పద్ధతి మీద కట్టిన ధ్రువీకరణను పెద్ద ఫోను సంస్థలు 2021 జూన్ 30 నాటికి అమలు చేయవలసి వచ్చింది. అరవై సెకండ్ల ద్వారంలోకి 19,800 సెకండ్ల తప్పుతో దూరగలరా?

ఇంతవరకు చెప్పినది లోకానికంతటికీ సంబంధించినది. ఇప్పుడు చెప్పబోయేది మనకు, తెలుగును యంత్రాల మీదికి తెచ్చుకోవడానికి తంటాలు పడిన మనకు, సూటిగా తగిలేది.

సీ భాషలో తేదీని అక్షరాలుగా వ్రాసే ఫంక్షను స్ట్రెఫ్‌టైమ్. వారం పేరు కావాలని అడిగితే, యంత్రం ఏ లొకేల్‌లో ఉన్నదో ఆ భాషలో వ్రాసి ఇస్తుంది. లైబ్రరీ వ్రాసినవాడు తన బల్ల మీద పరీక్షించినప్పుడు ఆంగ్లమే వస్తుంది. ఆ లైబ్రరీని జీటీకే వంటి కిటికీల సామగ్రితో కట్టిన ఫోను అప్లికేషనులో కలిపారనుకోండి. జీటీకే మొదలవుతూనే వాడుకరి లొకేల్‌ను అమలులో పెడుతుంది. వాడుకరి తన యంత్రాన్ని తెలుగులో పెట్టుకున్నవాడయితే? డేట్ హెడర్‌లో "శని" అని పోతుంది. అవతలి సర్వరుకు అది ఏడు వారాలలో ఏదీ కాదు. ఆర్‌ఎఫ్‌సీ ఉదాహరణలో ఉన్నది 2010 నవంబరు 13, శనివారం. ఆ శనివారం తెలుగు లిపిలో దిగితే పిలుపు చెడుతుంది.

మనదొక్కటే కాదు. ఫ్రెంచి, జర్మను లొకేళ్ళలో దశాంశానికి చుక్క బదులు కామా, అక్కడ "54.1" కాస్తా "54,1" అవుతుంది. ఆండ్రాయిడ్‌లో అరబీ లొకేల్‌తో అచ్చువేసిన అంకెలు అరబీ అంకెలుగా వస్తాయి. ఇక తుర్కీ కథ వినండి. ఆ భాషలో చుక్క ఉన్న ఐ వేరు, చుక్క లేని ఐ వేరు. హెడర్ పేర్లలో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పాటించనక్కరలేదు కాబట్టి, పోల్చేముందు లైబ్రరీ అన్నిటినీ ఒకే రకంగా మారుస్తుంది. ఆ మార్పు లొకేల్‌ను బట్టి జరిగితే టైమ్‌స్టాంప్ అనే పేరులోని ఐ మరో అక్షరమైపోతుంది. తన పేరునే గుర్తుపట్టని హెడర్‌ను ఇక ఏ దేవుడు కాపాడాలి?

ఈ తప్పుల బాధితులెవరో గమనించారా? ఆంగ్లంలో యంత్రాన్ని పెట్టుకున్నవాడికి ఏమీ కాదు. తల్లిభాషలో పెట్టుకున్నవాడి ఫోనే మూగబోతుంది. అతడు ఫిర్యాదు చేస్తే వచ్చే సలహా మనందరికీ కంఠస్థం: "యంత్రాన్ని ఇంగ్లీషులో పెట్టుకోండి, సరిపోతుంది." తెలుగు అక్షరాల బదులు పెట్టెలు కనబడిన రోజుల్లో కూడా మనకు ఇదే చెప్పారు. అప్పుడు వినలేదు కాబట్టే లేఖినిలో టైపు చేసి, కూడలిలో ఒకరినొకరం కనుగొన్నాం. తెరమీది మెనూలన్నీ కష్టపడి తెలుగులోకి మార్చినవారి శ్రమను, తెరవెనుక ఒక సోమరి ఫంక్షను పిలుపు బూడిదలో పోస్తుంటే ఊరుకుందామా? యంత్రాలు ఒకదానితో ఒకటి చెప్పుకొనే మాట మీద లొకేల్ నీడ పడకూడదు. మనిషికి చూపే మాట మీద మాత్రమే పడాలి. ఈ గీత గీయడం లైబ్రరీ బాధ్యత. అప్లికేషను వ్రాసినవాడిది కాదు, తెలుగు వాడుకొనేవాడిది అంతకన్నా కాదు.

ప్రత్యర్థుల వాదాలు నాకు తెలియనివి కావు. ఈ కాలముద్రను ఎవరు వాడుతున్నారు అంటారు. నిజమే, తక్కువే. దీనిని వాడితీరాలని నిర్దేశించే విధి ఏదీ లేదని ఆర్‌ఎఫ్‌సీ 3261 తానే ఒప్పుకున్నది. కాని ఎందుకు తక్కువ? నమ్మదగినట్లు తిరిగి రాదు కాబట్టి వాడరు. వాడరు కాబట్టి లైబ్రరీలు శ్రద్ధపెట్టవు. ఈ గానుగ చుట్టూ ఎంతకాలమని తిరుగుతాం? గానుగను ఆపగలిగినది లైబ్రరీ ఒక్కటే.

పంపిన వేళను పంపినవాడే తన దగ్గర వ్రాసుకోవచ్చు కదా, ముద్ర ఎందుకు అని రెండవ వాదం. వ్రాసుకోవచ్చు. కాని అవతలివాడి దగ్గర ఎంత జాగయిందో అతనికి ఎలా తెలుస్తుంది? ఆ మాట చెప్పే చోటు ఈ హెడరే. పైగా వ్రాసుకోవాలా, ముద్రించి పంపాలా అన్నది పంపినవాడి నిర్ణయం. మూడవ వాదం సౌకర్యం: సంఖ్యగా ఇస్తే ప్రోగ్రామరుకు సులువు. ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? మూలాన్ని భద్రంగా ఉంచి, అడిగినవాడికి సంఖ్యగా కూడా చూపండి. చదివి చూపడం వేరు, చెరిపి వ్రాయడం వేరు.

కాబట్టి సిప్ లైబ్రరీ వ్రాసేవారిని నేను అడిగేది ఇంతే. వచ్చిన ముద్రను అక్షరం పొల్లుపోకుండా ఉంచండి. మీరు పుట్టించే 100 జవాబులోకి దానిని అలాగే ఎక్కించండి. జాగును వెనక్కి జరగని గడియారంతో కొలవండి. డేట్ కోసం ఏడు వారాల పేర్లు, పన్నెండు నెలల పేర్లు, మొత్తం పందొమ్మిది మాటలు మీ ప్రోగ్రాములోనే వ్రాసి పెట్టుకోండి, లొకేల్‌ను అడగవద్దు. ఉత్తరం మొదటిసారి బయలుదేరిన వేళే డేట్ అని నిబంధన, కాబట్టి మళ్ళీ పంపేటప్పుడు దానిని మార్చవద్దు. మీ పరీక్షలన్నిటినీ ఒకసారి తెలుగు లొకేల్‌లో, ఒకసారి తుర్కీ లొకేల్‌లో నడిపించండి. ఇందులో ఏదీ ఒక పూట పనికి మించదు.

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పక్కింటినుంచి తెచ్చిన గిన్నెను కడిగి, తిరిగి ఇచ్చేటప్పుడు అడుగున చెక్కిన పేరు ఒకసారి చూసుకొని మరీ ఇచ్చేవారు. మన గిన్నె ఇంకా మంచిదని దాని బదులు ఇచ్చేవారు కాదు. ఆ పేరు గీకి అందంగా చెక్కించేవారూ కాదు. తమది కానిదానిని తీసుకున్నప్పుడు ఎలా తిరిగి ఇవ్వాలో వాళ్ళకు ఏ నిబంధనావళీ నేర్పలేదు. 269 పుటలలో వ్రాసిపెట్టినా మనకు పట్టకపోతే ఆ లోపం పుస్తకానిది కాదు.